అండమాన్ ఆడవాళ్ళకో దుప్పటి

3 మార్చి 2006, శుక్రవారం
మదీనత్ ఖలీఫాలో సీతాలక్ష్మిగారింట్లో, ఈ అరబ్బు ఊళ్ళో ఉంటున్న తెలుగు ఆడవాళ్ళం పదిమందిమి చేరాం. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో మన జిల్లాల నుంచి ఓడెక్కించి అండమాన్ పంపేసిన ఆడఖైదీల లిస్టు ఆవిడ తమ్ముడు పంపాడు. నలభై మంది. ఒక్కో ఖైదీకి ఒక గుడ్డముక్క, మాలో తలా నాలుగు. పేర్లు కుట్టి, ముక్కలన్నీ కలిపి దుప్పటి చేసి పోర్ట్ బ్లెయిర్ పంపాలి. నాకు మొదట వీరమ్మ వచ్చింది. ఇల్లు తగలబెట్టిందట. యావజ్జీవం.

10 మార్చి
'వీ' దగ్గరే ఆగాను. మూడుసార్లు విప్పాను.

17 మార్చి, శుక్రవారం
ఒక ముక్క మిగిలిపోయింది. లిస్టులో ఆమెకు పేరు లేదు, ఫలానావాడి భార్య అని ఉందంతే. నేరం, పసిబిడ్డని చంపడం. ఎవరూ తీసుకోలేదు. టీ కప్పులు తీస్తున్న ఆ ఇంటి పనిమనిషి బాలవ్వ, జగిత్యాల దగ్గరి మనిషి, తనకిమ్మని అడిగింది.

19 మార్చి
నేను వెళ్ళేసరికి సీతాలక్ష్మిగారు బజారుకెళ్ళారు. బాలవ్వ వంటింట్లో కుడుతోంది. బొంతలు కుట్టిన చెయ్యి. పేరు లేదు కాబట్టి ఉయ్యాల కుడుతోంది. ఎందుకడిగావన్నాను. ఎవరికీ చెప్పనని మాట తీసుకుని చెప్పింది. తొలికాన్పు ఆడపిల్ల. మూడో నెలలో నిద్రలోనే పోయింది. తల్లే చంపిందని అత్త ఊరంతా చాటింది. పోలీసులు పట్టుకుపోయి, రుజువు లేక వదిలేశారు. ఊళ్ళో ఉండలేక ఇటొచ్చేసింది.
"ఆ తల్లి చంపిందో లేదో ఎవలు చూసిండ్రమ్మా?" అంది.

24 మార్చి, శుక్రవారం
బిడ్డని చంపినదానికి ఉయ్యాలేమిటని, ఆ ముక్క దుప్పట్లో కలపనన్నారు సీతాలక్ష్మిగారు. నాకు కోపమొచ్చింది. బాలవ్వ తరఫున మాట్లాడుతున్నాననుకుని నలుగురిలో ఆమె సంగతంతా చెప్పేశాను. నోరు దాటాక గాని మాటిచ్చింది గుర్తు రాలేదు. సీతాలక్ష్మిగారి కోడలు లేచి, బాలవ్వ చంకలోంచి తన చంటిదాన్ని లాక్కుంది.

27 మార్చి
బాలవ్వ వీసా క్యాన్సిల్ చేయిస్తున్నారట.

28 మార్చి
వెళ్ళి సీతాలక్ష్మిగారిని బతిమాలాను. బాలవ్వని తాను నమ్మక కాదట, ఇంట్లో పసిపిల్ల ఉందట. రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి, మనమే స్పాన్సర్ చేసి పనిలో పెట్టుకుందామా అన్నాను. మనకెందుకు అన్నారు. రెండోసారి అడగలేదు.

2 ఏప్రిల్
ఎయిర్‌పోర్ట్‌కి బాలవ్వని నేనే దింపాను. ఉయ్యాల ముక్క మడిచి బ్యాగులో పెట్టుకుంది. క్షమించమన్నాను. లోపలికెళ్ళే ముందు ఆగింది.
"మా బిడ్డ పేరు మీకు చెప్పలే గదమ్మా. ఇగ చెప్ప."

14 ఏప్రిల్, శుక్రవారం
దుప్పటి పూర్తయింది. ముప్పై తొమ్మిది ముక్కలు. ఫొటోకి నన్నూ నిలబడమన్నారు.
నిలబడ్డాను.