పడక కింద దుంపల బస్తా

అమ్మా రూలీ,

నేనూ మీ అమ్మా బాగున్నాం, కారు ఇంకా బాగుంది. నిన్న ఆల్ప్స్ కనుమ దాటి ఇటలీలో దిగాం. "ఆ బుల్లి కారు వెనక తగిలించిన ఆ చక్రాల ఇంటిని, క్యారవాన్‌ని, లాగి కొండెక్కించలేదు మామయ్యా, నాలా ట్రక్కు కొనండి, లేదా క్యారవాన్‌ని అమ్మి పారేయండి" అన్న నీ మొగుడికి ఇది గట్టిగా చదివి వినిపించు. దాటలేకపోతే అమ్మేస్తానని మాటిచ్చినవాణ్ణి నేనే కదా.

జర్మనీ పొడవునా మాత్రం క్యారవాన్ వెనక భాగం ఊగుతూనే వచ్చింది. చెంచాలతో సహా తూచి ఎక్కించిన నాకు తల తిరిగిపోయింది. కొండ కింద ఆపి, వెనక పడక ఎత్తి చూస్తే మన హాలండ్ డ్రెంటె పొలాల బంగాళదుంపలు, పాతిక కిలోల బస్తా!

"ఇదేంటే?" అన్నాను.

"పరాయి దేశం దుంపలు నాకు సయించవు. బరువైతే చెప్పు, నేను దిగి నడుస్తా, దుంపలు మాత్రం దిగవు" అంది మీ అమ్మ.

బస్తాను క్యారవాన్ లోపలే, సరిగ్గా చక్రాలకు పైన వచ్చే చోటికి జరిపాను. వెనక బరువు తగ్గి ఊపు ఆగిపోయింది. రెండో గేరులో ఎక్కడా ఆగకుండా పైకెక్కాం. పైన అంతమంది చూస్తుండగా మీ అమ్మ నాకు ముద్దు పెట్టింది. కారుక్కూడా పెట్టింది.

టమాటాలకు నీళ్లు పోస్తున్నావా? పిల్లికి అతిగా పెట్టకు. నా పాత చెప్పులు పారేయకు.

అల్లుడికి నా దీవెనలు. తొందరపడి కొట్టు గోడకు అంటించాడే "క్యారవాన్ అమ్మబడును" అనే చీటీ, దాన్ని అతని చేతే పీకించు.

మీ నాన్న
హార్మ్