బండిలో దొరికిన చేతిరుమాలు

నయోమీ,

పోయిన ఫిబ్రవరి పదిన బారువలో చేపల పులుసన్నం తిని, ముగ్గురం ఇసుకలోంచి స్కూటరు తోసుకొచ్చాం, గుర్తుందా? అమ్మతో అదే ఆఖరి షికారు. ఎయిర్ ఫిల్టర్ చిరిగిందని, ఇసుక లోపలికి పోకుండా అమ్మ తన చర్చి చేతిరుమాలు అక్కడ కుక్కింది. తర్వాత మనం మరిచేపోయాం.

రేపు డ్యూటీకి బండి తియ్యకు. రిపేరు చేయించినా యాక్సిలరేటర్ వదిలితే వణికి ఆగిపోతోంది. హైవే దాటేటప్పుడు ఆగితే ప్రమాదం. టెక్కలి బస్సెక్కు.

మెకానిక్ యువరాజు రుమాలు తీసేసి కొత్త ఫిల్టర్ వేశాడు. "మావా, ఇన్నాళ్లూ బండి ఈ గుడ్డలోంచే ఊపిరి పీల్సింది. తీసేసరికి గాలెక్కువైపోయి ఆగిపోతంది. మల్లీ దీన్నే కుక్కీమంటావేటి? రేపటికి నడిసిపోద్ది" అన్నాడు. వద్దన్నాను. దాన్ని మళ్లీ ఆ మసిలో పెట్టడానికి మనసొప్పలేదు. అందుకే నీకీ బస్సు కష్టం. ఎల్లుండి ట్యూనింగ్ చేసి ఇస్తాడట.

పాపం, నేను అడక్కుండానే రుమాలు సబ్బుతో ఉతికి మడతపెట్టి ఇచ్చాడు. పెరట్లో తీగ మీద ఆరేశాను. పెట్రోలు వాసన పోలేదు. అమ్మ వాసన లేదు. అయినా మళ్లీ ఉతక్కు.

ఫిన్నీ వాళ్లింట్లో ప్రార్థన కూడికకి వెళ్తున్నాను. అన్నం, కూర మూతపెట్టి ఉన్నాయి. తినేసి పడుకో.

నాన్న

గడియ పెట్టకు. నువ్వు లేవకుండా, అమ్మ వేసినట్టు, నేనే వచ్చి మెల్లిగా తలుపు వేసుకుంటాను.