ఓస్మో గారి మోకాలి నొప్పి

హౌకిసెల్కా, నవంబరు 18

గురువారం అల్లికల సంఘం కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను ఓస్మో పెల్తోలాను. రోడ్ల మీద మంచు తోసే బండి ముప్పై ఒక్క ఏళ్లు నడిపి రిటైరయ్యాను. మీ సంఘంలో అల్లుతుండే సైమి మా ఆవిడే. ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఫిబ్రవరిలో మన సరస్సు చుట్టూ జరిగే ఇరవై రెండు కిలోమీటర్ల పరుగు వరసగా ఇరవై నాలుగేళ్లు పూర్తిచేశాను. పోయిన ఫిబ్రవరిలో మాత్రం తొమ్మిదో కిలోమీటరు దగ్గర వెనక్కి వచ్చేశాను. ఎందుకు వచ్చానో ఊరందరికీ చెప్పే ఉన్నాను. ఈసారి కూడా పూర్తి చేయలేకపోతే బూట్లు అటకెక్కిస్తాను. అవి అటకెక్కితే నేను ఇల్లు కదలను, నా సంగతి నాకు తెలుసు. సైమి పోయాక నన్ను గడప దాటిస్తున్నది పరుగొక్కటే.

అందుచేత నడుము కింది భాగానికి వెచ్చగా ఉండేది ఏదైనా ఒకటి అల్లించి పంపగలరు.

ఇట్లు,
ఓస్మో పెల్తోలా

తా.క. విషయం కాస్త సున్నితమైనది. ఈ ఉత్తరం మీరొక్కరే చదివి చింపేయాలని మనవి.

నవంబరు 27

శ్రీ ఓస్మో గారికి నమస్కారాలు.

మా పద్ధతి సైమి మీకు చెప్పలేదు కాబోలు. ఆర్డరు ఉత్తరంలోనే రావాలి. గురువారం బఠాణీ సూప్ తాగాక దాన్ని అందరి ముందూ పైకి చదవాలి. అల్లుతాననేవాళ్లు చెయ్యెత్తాలి. డెబ్బై ఏళ్లుగా ఇంతే. మీ ఉత్తరమూ చదివాను, తాజా కలంతో సహా.

పోయిన ఫిబ్రవరిలో మీ మోకాలు మొరాయించిన సంగతి తెలియనివాళ్లు ఎవరున్నారు? పాస్టరు గారి భార్య ఇర్యా అయితే "అయ్యో ప్రభువా! మోకాలి గురించి కూడా ఇంత సిగ్గేమిటండీ ఈ మనిషికి!" అని కళ్లొత్తుకుంది. రెండు జతల మోకాలి తొడుగులు పంపుతున్నాం.

మీ శ్రేయోభిలాషి,
హిల్కా రౌతియో, కార్యదర్శి

తా.క. చింపడానికి లేదండీ, ఆర్డర్లన్నీ ఫైల్లో పెట్టాలని నియమం. ఆ రోజు ఉన్నది ఆరుగురమే, కంగారు పడకండి.

డిసెంబరు 5

హిల్కా గారికి,

తొడుగులు అందాయి. వేసుకుని పరిగెత్తాను. మోకాళ్లు రెండూ పొయ్యిలో రొట్టెల్లా వెచ్చగా ఉన్నాయి. కానీ అవసరం వాటికి కాదండీ. కాస్త పైన.

ఎలా చెప్పను? సరస్సు మీద గాలి ఎదురుగా కొడుతుంది కదా. పరిగెత్తే మనిషికి ముందువైపు ఉంటుంది కదా. ఆ ముందువైపు. మీరు తెలివైనవారు, అర్థమయ్యే ఉంటుంది.

ఇట్లు,
ఓస్మో

తా.క. ఆరుగురికీ చదివి వినిపించకుండా ఉండే మార్గం ఏదైనా ఉంటే తెలుపగలరు.

డిసెంబరు 14

ఓస్మో గారికి నమస్కారాలు.

అర్థమైంది. పొట్ట!

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. "పైన అంటున్నాడు, ముందు అంటున్నాడు. ఒంటరి మగవాడు, యాలకుల బన్నులతో కడుపు నింపుకుంటున్నాడు, పొట్ట రాక ఏమవుతుంది? ఎదురుగాలికి మొదట తగిలేది అదేగా!" అని ఇర్యా తేల్చేసింది. మూడు పొరల పొట్ట పట్టీ పంపుతున్నాం. పొట్ట పెరిగినా సరిపోయేలా సాగుతుంది.

మీ శ్రేయోభిలాషి,
హిల్కా

తా.క. మార్గం లేదు. పైగా ఈసారి పదకొండు మంది వచ్చారు. మెట్లెక్కుతూనే "ఓస్మో ఉత్తరం వచ్చిందా?" అని అడిగారు.

జనవరి 3

హిల్కా గారికి,

నాకు పొట్ట లేదు. ఇర్యా గారితో ఈ ముక్క నా మాటగా చెప్పండి.

నేను అడుగుతున్నది మోకాలికి పైన, పొట్టకి కింద. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు మీరు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతున్నారు గాని మధ్యలో ఆగడం లేదు. నిన్న మైనస్ ఇరవై రెండులో పది కిలోమీటర్లు పరిగెత్తి, ఇంటికొచ్చి, సౌనా గది ఆవిరిలో బల్ల మీద కూర్చున్నాను. చలికి బిగిసిన చోటు ఆ వేడికి కరగడం మొదలుపెట్టగానే నేను అందుకున్న రాగానికి పక్కింటి కుక్క వంత పాడింది.

ఇట్లు,
ఓస్మో

తా.క. ఇంతకంటే వివరంగా రాయడం నా వల్ల కాదు. ముప్పై ఏడేళ్లు కాపురం చేసిన సైమికే ఇలాంటివి ఎప్పుడూ చెప్పుకోలేదు.

జనవరి 12

ఓస్మో గారికి నమస్కారాలు.

ఈసారి పొరపాటు లేదు. మోకాలికి పైన, పొట్టకి కింద, బల్ల మీద కూర్చోగానే బాధ. అంటే కూర్చునే చోటే! కార్యవర్గం దాదాపు ఏకగ్రీవంగా తీర్మానించింది. లాగు వెనక కుట్టుకోవడానికి దళసరి మెత్త ఒకటి పంపుతున్నాం.

ఒక్క హెల్వి అవ్వ మాత్రం తీర్మానానికి చెయ్యెత్తలేదు. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి, సంఘంలో అందరికంటే పాత. సూప్ గరిట పక్కన పెట్టి, "అతన్ని నోరు తెరిచి అడగమనవే. అడగనిదే అమ్మైనా పెట్టదు" అంది. ఇంకేదో అనబోయి మింగేసింది. ఎంత అడిగినా చెప్పలేదు.

మీ శ్రేయోభిలాషి,
హిల్కా

తా.క. పందొమ్మిది మంది. కుర్చీలు చాలక చర్చి నుంచి బల్లలు తెచ్చాం. ఇద్దరు పక్క ఊరి నుంచి వచ్చారు, వాళ్లకి అల్లికే రాదు.

జనవరి 30

హిల్కా గారికీ, తక్కిన పద్దెనిమిది మందికీ,

ఇక సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. పరుగుకి పట్టుమని పన్నెండు రోజులు లేవు. మీరు పంపినవన్నీ ఒకేసారి వేసుకుని నిన్న పరిగెత్తాను. మోకాళ్లకి చెమట పట్టింది, పొట్టకి చెమట పట్టింది, వెనక మెత్త మీద గుడ్డు పెడితే పిల్ల అయ్యేది. గడ్డకట్టేది గడ్డకడుతూనే ఉంది.

రాస్తున్నాను, వినండి. నాకు చలి వేస్తున్నది రెండు కాళ్ల మధ్య, ముందువైపు. మగవాడికి దేవుడిచ్చిన సామాను ఉండే చోట. పోయిన ఏడాది తొమ్మిదో కిలోమీటరులో అది ఉందో ఊడిందో తెలియలేదు. తడిమి చూసుకుందామంటే వెనకే పాస్టరు గారు పరిగెత్తుకొస్తున్నారు. అందుకని వెనక్కి తిరిగాను. నా మోకాలు ఈ జన్మలో నొప్పి పెట్టలేదు.

ఇరవై నాలుగేళ్లు లేని చలి ఇప్పుడెందుకు వస్తోందో నాకు తెలియదు. ముసలితనమే కావచ్చు. బూట్లు అటకెక్కించే రోజు వచ్చేసిందేమోనని భయంగా ఉంది. భయంగా ఉందని కూడా ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఇట్లు,
ఓస్మో

తా.క. చదవండి. వెనక బల్లల వాళ్లకి కూడా వినపడేలా చదవండి.

ఫిబ్రవరి 6

ఓస్మో గారికి,

చదివాను. ఎవ్వరూ నవ్వలేదు. అబద్ధం, నవ్వారు, కానీ ఆఖరి పేరా దగ్గర అందరూ ఆగిపోయారు.

ఉన్ని లాగు పంపుతున్నాం. ముందువైపు గాలి దూరని గుడ్డ వేశాం, దాని లోపల ఒక ఉన్ని చదరం కుట్టాం. ఆ చదరం సంగతి ఇప్పుడు అడక్కండి. "ముందు పరిగెత్తనీ. ఇప్పుడు చెబితే దారంతా ఏడుస్తాడు, కన్నీళ్లు గడ్డకడితే దానికో తొడుగు అల్లాలి మళ్లీ" అంది హెల్వి అవ్వ.

మీ శ్రేయోభిలాషి,
హిల్కా

తా.క. వేడినీళ్లలో ఉతక్కండి. కుంచించుకుపోతే మా పూచీ లేదు. లాగు సంగతే చెబుతున్నాను.

ఫిబ్రవరి 13

హిల్కా గారికి,

మూడు గంటల పదకొండు నిమిషాలు. మైనస్ ఇరవై నాలుగు. తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర ఆగకుండా దానికో దండం పెట్టి సాగిపోయాను. చివరిదాకా అన్నీ ఉన్నాయి, అన్నీ వెచ్చగా ఉన్నాయి. బూట్లు గడప పక్కనే ఉన్నాయి, అటక మీద కాదు. మీ చేతులు చల్లగుండాలి అందామంటే ఈ ఊళ్లో అది శాపం. వెచ్చగుండాలి.

ఒక్క సందేహం. ఆ చదరం ఒక మూల కాలి ఉంది. దగ్గర పెట్టుకుని చూస్తే బఠాణీ సూప్ వాసన. ఇదేం ఉన్ని?

ఇట్లు,
ఓస్మో

తా.క. గమ్యం దగ్గర ఊరంతా నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్కరూ నా మోకాళ్ల వంక చూడలేదు.

ఫిబ్రవరి 20

ఓస్మో గారికి నమస్కారాలు.

ఇప్పుడు చెప్పొచ్చని హెల్వి అవ్వ సెలవిచ్చింది.

మా ఆర్డర్ల పుస్తకంలో ప్రతి అక్టోబరులోనూ ఒకే ఆర్డరు ఉంది: "సైమి పెల్తోలా. జానెడు చదరం ఒకటి. కుందేలు ఉన్ని." తనే చెయ్యెత్తి తనే అల్లుకునేది. వేడిగిన్నెలు దించే గుడ్డ కాబోలు అనుకున్నాం. ఏడాదికొకటి ఏం చేసుకుంటుందో, ఎన్ని గిన్నెలు దించుతుందో అని వెనక నవ్వుకునేవాళ్లం కూడా.

ఆ చదరాన్ని సైమి మీ లాగు రెండు పొరల మధ్య, ముందువైపు పెట్టి కుట్టేదట. ఇరవై నాలుగు చలికాలాలు. హెల్వి అవ్వకి ఒక్కదానికే తెలుసు. "మా ఆయన చలేస్తోందని చచ్చినా చెప్పడు, పెట్టానని తెలిస్తే ఊడబెరికి పారేస్తాడు. చెప్పకవ్వా. తన నోటితో తను అడిగిన రోజు చెప్పు. ఆ రోజు రాదులే గాని" అందట సైమి. అవ్వ మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. మీ జనవరి 30 ఉత్తరం విన్నాకే నోరు విప్పింది. మీకు ముసలితనం రాలేదు ఓస్మో గారూ. కుట్టేవాళ్లు లేకపోయారు, అంతే.

ఆఖరి చదరం సైమి చనిపోయిన అక్టోబరుది. తనే అల్లి, కుట్టడానికి తీసుకెళ్లకుండానే పోయింది. ఏమిటో తెలియక మేం దాంతో గురువారం సూప్ గిన్నె దించుతూ వచ్చాం. మూల కాల్చింది నేనే, క్షమించాలి. "చూస్తూ ఎలా ఊరుకున్నావవ్వా?" అని అడిగితే, "వాడుకలో ఉంటే చిమ్మట పట్టదే" అంది.

మీరు మొన్న పరిగెత్తింది దానితోనే.

మీ శ్రేయోభిలాషి,
హిల్కా

తా.క. వచ్చే అక్టోబరుకి చదరాలు పదమూడు రాసుకున్నాం. మీ ఉత్తరం సంగతి ఊళ్లో పాకాక ఇంకో పన్నెండు మంది మగవాళ్లు తమకీ "మోకాలు" బాగాలేదని రాశారు. అందులో ఒకరు పాస్టరు గారు.

ఇంకో తా.క. మాకిప్పుడు గిన్నె దించడానికి గుడ్డ లేదు. గురువారం పదకొండింటికి సూప్ దిగాలి. మీకు మంచు తోసిన చేతులున్నాయి, బూట్లు గడప దగ్గరే ఉన్నాయి. వచ్చి దించండి.