సర్క్యులర్ వచ్చేదాకా

మార్చి 4

తమ్ముడిని ఈ రోజూ క్లినిక్‌కు నేనే తీసుకెళ్లాను. మత్తు పౌడర్ మానడానికి ఇచ్చే మాత్రను నర్సు ఎదుటే నాలుక కింద పెట్టుకోవాలి. కరిగేదాకా నోరు విప్పకూడదు. మావాడికి అంతకన్నా శిక్ష ఉండదు. నర్సు వాడికి రేడియో అని పేరు పెట్టింది. రేడియో ఆఫ్‌లో ఉంది, తిట్టాల్సినవేమన్నా ఉంటే ఇప్పుడే తిట్టేసుకోండి మేడమ్ అంది. వాడు కళ్లతోనే నవ్వాడు. టైర్ల షాపులో మళ్లీ పనికి వెళ్తున్నాడు. చేతులు వణకడం లేదు.

మార్చి 9

కొత్త ఉత్తర్వు. పరీక్షలో మత్తు తేలినవాళ్ల పేర్లను క్లినిక్‌లు పోలీసులకు పంపాలి. చికిత్సలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉందో లేదో రాయలేదు. వివరాలతో సర్క్యులర్ వస్తుందట. భయముంటేనే మానతారు అన్నారు మా డిపార్ట్‌మెంట్ హెడ్. నేను కాలేజీలో పబ్లిక్ పాలసీ పాఠాలు చెబుతాను. భయం మనుషుల్ని ఎక్కడికి తరుముతుందో గంటసేపు చెప్పగలను. చెప్పలేదు. మా వీధి చివర పౌడర్ అమ్మేవాళ్లను పోలీసులు పట్టుకెళ్లినప్పుడు నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కదా.

మార్చి 11

తమ్ముడు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆదివారం ఒక్కసారి జారాను అక్కా అన్నాడు. రేపు టెస్ట్ ఉంది, తేలిపోతుంది అన్నాడు. నేనే ముందు చెప్పేస్తా, సిస్టర్ నాలుగు తిట్టి మాత్ర ఇస్తుంది, అంతేగా, వెళ్లనా అని అడిగాడు.

వెళ్లు అనాల్సింది. పోలీస్ స్టేషన్, కేసు, షాపు ఓనర్ మొహం, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. కాస్త ఆగరా, సర్క్యులర్ రానీ, నేను కనుక్కుంటాను అన్నాను. మాత్ర లేకుండా ఉండగలవా అంటే, మరీ అంత చేతకానివాడిలా కనిపిస్తున్నానా అక్కా అన్నాడు.

మార్చి 12

తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాను. ఎవరికీ ఏమీ తెలియదు.

మార్చి 15

నర్సు ఫోన్ చేసింది. రేడియోకి సిగ్నల్ పోయిందేంటి మేడమ్ అంది. ఆదివారం సంగతి చెప్పాను. అయ్యో, జారినప్పుడే కదా రావాల్సింది, పేర్ల గొడవ డాక్టరుగారు చూసుకుంటారు, ముందు మనిషిని పంపండి అంది. క్లాసు వదిలేసి బయల్దేరాను. వాడు ఇంట్లో లేడు.

మార్చి 17

షాపు బాత్‌రూమ్ తలుపు పగలగొట్టి వాడిని బయటికి తీశారు, అప్పటికే ఊపిరి లేదు. పాత మోతాదే వేసుకున్నాడట. ఒళ్లు పాతది కాదు, అలవాటు తప్పింది.

పక్కన ఇంకొకడు ఉన్నాడట. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే పోలీసులు కూడా వస్తారని పారిపోయాడు. వాడిని తిట్టుకోవాలని చూశాను. వాడూ నేనూ భయపడింది ఒకదానికే.

మార్చి 24

సర్క్యులర్ ఇంకా రాలేదు.

ఏప్రిల్ 2

నర్సు ఫోన్. చికిత్సలో తమ్ముడి చోటు ఖాళీగా ఉందట. దానికోసం బయట బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుని ఉందట. నన్ను అడగకుండా ఇవ్వబుద్ధి కాలేదట.

ఇచ్చేయండి, ఇప్పుడే ఇచ్చేయండి, ఆగమనకండి అన్నాను. సరే మేడమ్ అని పెట్టేసింది. పెట్టేశాక కూడా అంటూనే ఉన్నాను.