ఒకే కప్పు కింద

బ్యూఫోర్ట్,
మార్చి 11.

యూనిస్ అక్కకు,

ఇక్కడ నేనూ కోళ్ళూ క్షేమం. నీ బీపీ తగ్గిందని రాశావు, సంతోషం. ఉప్పు చేపలు మానేశావంటే మాత్రం నమ్మను.

నువ్వు అడిగినవాటికి జవాబు. విడాకులకు కోర్టు ఫీజు నూట యాభై డాలర్లు, లాయరమ్మకు ఆరు వందలు. ఆస్తి తగాదా లేదు గనుక ఇంతేనట. ఇంతే అన్నవాళ్ళు చివర్లో ఏం కలుపుతారో చూడాలి. జార్జియాకు మారితే, ఇక్కడిలా ముందు ఏడాది పాటు విడిగా ఉండాలన్న గొడవ ఉండదన్నావు. నిజమే, కానీ ముందు అక్కడ ఆరు నెలలు నివాసముండాలి. ఇక్కడ స్కూలు వంటగదిలో నా ఉద్యోగం ఎవరు చేస్తారు? మా ఆయన హార్లన్‌కి ఇంకొకామెతో సంబంధం ఉందని రుజువు చేస్తే ఏడాది ఆగక్కర్లేదు. ఎంత వెతికినా అతని చొక్కాల మీద చేపల వాసన తప్ప ఏమీ దొరకలేదు.

అందుకే ఏడాది దారి పట్టాను. పదకొండు నెలలు గడిచాయి. మొగుడూ పెళ్ళాలు ఒకే కప్పు కింద ఒక్క రాత్రి ఉన్నా లెక్క మళ్ళీ మొదటికొస్తుందని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. మేం విడిగానే ఉన్నామని కోర్టులో ప్రమాణం చేయాల్సింది నువ్వు.

మొన్న ఆదివారం సాయంత్రం హార్లన్ బకెట్టెడు రొయ్యలతో దిగాడు. పిలవలేదు.

"పడవలో ఎక్కువ పడ్డాయే. పాడైపోతాయని తెచ్చా."

పదకొండు నెలలుగా పాడవని రొయ్యలు ఆ రోజే ఎందుకు పాడవుతాయి? వచ్చే నెల అతనికి తుంటి ఆపరేషన్. బీమా నా ఉద్యోగం మీద ఉంది, విడాకులతో అదీ పోతుంది. లెక్క చెడగొట్టడానికే వచ్చాడని నాకు వెంటనే వెలిగింది. టమాటాలు వేసి ఎర్రన్నం వండి పెట్టాను గానీ, కళ్ళు అతని మీదే ఉంచాను. తిన్నాక చూస్తే అతని ట్రక్కు తాళాలు లేవు.

"ట్రక్కులోనే పడుకుంటాలే, నీ లెక్క చెడిపోద్ది" అన్నాడు.

"ఆ తుంటితోనా? నోరు మూసుకుని సోఫా మీద పడుకో" అన్నాను.

పొద్దున తాళాలు దొరికాయి. కాఫీ తాగుతూ చెప్పాడు.

"రాత్రి సంగతి ఎవరికీ చెప్పకు వెర్నా. నెల్లో అయిపోయేదాన్ని ఎందుకు చెడగొట్టుకుంటావ్? బీమా గురించి పడవ ఓనరుతో మాట్లాడుకున్నాలే."

ఎంత తేలిగ్గా అన్నాడో. అతను వెళ్ళాక గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఏదో ఎత్తు వేసి వచ్చాడని అనుకున్నంతసేపూ నాకు బాగానే ఉంది. ఏ ఎత్తూ లేదని తెలిశాకే కష్టంగా ఉంది.

ఇంత రాసినా అసలు సంగతి చెప్పలేదు. తాళాలు బియ్యం డబ్బాలో దాచింది నేనే.

లాయరమ్మకు ఇవాళ చెప్పేస్తాను. నువ్వు వచ్చే నెల రాకు, బైబిల్ మీద చెయ్యి వేయకు. అబద్ధమాడటం ఇష్టం లేక ఇలా చేస్తున్నానని అందరితో చెప్పు. నీతో మాత్రం నిజం చెబుతున్నాను: నాకు ఇంకో ఏడాది కావాలి.

ఇట్లు,
నువ్వు తిట్టినా పడే నీ చెల్లెలు
వెర్నా