తలకిందుల చిలక

విజయవాడ,
మంగళవారం.

మా రమణక్కకు,

చెల్లెలు సుజాత దండాలు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలు స్కూలుకు వెళ్తున్నారా, ఎగ్గొడుతున్నారా? మేమిద్దరం బాగానే ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. బావ మా చీరల షాపులో మీ కార్ఖానా కట్టలు దించి సాయంత్రం బస్సుకు వచ్చేస్తున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. కోపంలో చింపేయకుండా చివరిదాకా చదువు. మంచి కబురే రాస్తున్నాను.

మీ మరిదికి ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసే షెడ్డులో పని కుదిరింది. ఇంటికొచ్చాక ఆయన ఒంటి మీది రంగు చూసి ఆ రోజు ఎలాంటి లారీ వచ్చిందో చెప్పేస్తున్నాను. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. మన పెడనలో సాయంత్రానికి సముద్రం గాలి వస్తుంది, ఇక్కడ పొద్దుపోయినా గోడలు వేడిగానే ఉంటాయి. గది చిన్నదే అయినా నీళ్లకు ఇబ్బంది లేదు. వేళకు తింటున్నాం, నిజంగానే తింటున్నాం. పక్కవాళ్లు మంచివాళ్లే కానీ ఎప్పుడూ తలుపులు వేసుకుంటారు. మొదట్లో మాట్లాడే మనిషి లేక పొయ్యి మీద పప్పుతో మాట్లాడాను. ఇప్పుడా బాధ లేదు, షాపులో రోజంతా మాటలే.

పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం నా పని. మూర్తి గారని పెద్ద సేల్స్‌మన్ ఉన్నారు. ఆయన ఏ చీర విప్పినా దానికో కథ ఉంటుంది. ఈ రంగు కట్టుకున్న ఫలానా డాక్టరు గారమ్మాయికి నెల తిరక్కుండా సంబంధం కుదిరిందంటారు. ఆ డాక్టరూ లేడు, ఆ అమ్మాయీ లేదు.

"అబద్ధం కాదాండీ?" అని అడిగాను.

"ఎక్కడో ఎవరికో కుదిరే ఉంటుందమ్మా, మనం పేరు పెట్టామంతే" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు.

ఇక అసలు సంగతి. ఆ మధ్య వచ్చిన కట్టల్లో నీ చిలకల చీర ఉంది. నీ అద్దకం నేను పోల్చుకోలేనా? కొంగు మీద చిలకలన్నీ బుద్ధిగా తల పైకెత్తి కూర్చుంటే, మూలన ఒక్కటి తలకిందులుగా వేలాడుతోంది. చెక్క అచ్చు తిప్పి పట్టుకుని అద్దేశావు. ఒకసారి రంగు పడ్డాక ఇంకేముంది! మూర్తి గారు దాన్ని డ్యామేజీ కట్టలో పడేసి, మీ కార్ఖానా ఓనరుకు ఫోను చేసి దులిపేశారు. ఆ కోపమంతా మీ ఓనరు నీ మీద చూపించాడనీ, నలుగురిలో మాట పడ్డందుకు నువ్వు అచ్చులు పక్కన పెట్టి ఇంట్లో కూర్చున్నావనీ అప్పటికి నాకు తెలియదు. మా షాపు మీది కోపంతోనే నా ఫోను ఎత్తడం లేదని ఇప్పుడు అర్థమైంది.

ఓ రోజు గన్నవరం నుంచి ఒకావిడ వచ్చారు. కూతురు ఉద్యోగానికి పుణె వెళ్తోందట, ఆ పిల్లకు చీర కావాలి. ఏం చూపించినా పెదవి విరుస్తున్నారు. నాకేమనిపించిందో, డ్యామేజీ కట్టలోంచి నీ చీర లాగి పరిచాను. ఆవిడ కన్ను నేరుగా ఆ చిలక మీదే పడింది.

"ఇదేంటమ్మా, తలకిందులుగా ఉంది?"

నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కా! "అది కావాలనే వేస్తారండీ. ఇంట్లో ఆడపిల్ల ఊరు వదిలి వెళ్లిన రోజున ఒక్క చిలకను అలా అద్దుతారు. కొమ్మ పట్టుకుని కిందికి వంగి, వెళ్లిన పిల్ల కనబడుతుందేమోనని చూస్తా ఉంటుందండీ" అనేశాను.

ఆవిడ ఆ చిలకను చేత్తో నిమిరారు. బేరమే ఆడకుండా తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ అద్దినావిడ పేరు అడిగితే నీ పేరు చెప్పేశాను.

అక్కడితో ఆగిందా? ఆవిడ చెల్లెలు వచ్చారు, తర్వాత వాళ్ల వియ్యపురాలు వచ్చారు. అందరికీ తలకిందుల చిలకే కావాలి! ఉద్యోగం ఊడుతుందేమోనని నాకు ఒకటే దడ. తీరా చూస్తే మూర్తి గారే ఆ కథ ఎత్తుకున్నారు. "పెడనలో తాతముత్తాతల నాటి ఆచారమండీ, ఆ చిలకను అద్దేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు" అని చెబుతున్నారు. మాట్లాడకూడదని నేనెప్పుడన్నాను? పక్కకు పిలిచి అది నేనల్లిన కథ అని చెబితే, "నీకు తెలియదులేమ్మా, చిన్నపిల్లవి" అని నాకే చెప్పారు! ఆ చిలకను డ్యామేజీలో పడేసింది ఈయనే అక్కా!

ఇవాళ పొద్దున టీ తాగుతూ బావకు ఇదంతా చెప్పి పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. నువ్వు పని మానేశావని అప్పుడే చెప్పాడు.

"అది నువ్వు బస్సెక్కిన రోజు వేసిందమ్మాయ్" అన్నాడు. "మిమ్మల్ని ఎక్కించి నేనొచ్చేసరికి మీ అక్క బల్ల దగ్గరే ఉంది. చేతిలో అచ్చుంది గానీ చూపంతా రోడ్డు మీదే. అటు చూస్తానే అద్దేసింది. కళ్లు తుడుచుకుని చూసుకునేసరికి చిలక తిరగబడి ఉంది."

నా గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ అబద్ధమాడానని భయపడ్డాను, బాగా అల్లానని లోలోపల మురిసిపోయాను కూడా. తీరా చూస్తే నేను అల్లింది ఏముంది? ఏడుపొచ్చింది, అంతకు మించి సంతోషం వచ్చింది. పనుందని నువ్వు బస్టాండుకు రాలేదని నేనెంత అలిగానో తెలుసా? దారి పొడుగునా మీ మరిదితో కూడా మాట్లాడలేదు.

మా ఓనరు గారు మీ కార్ఖానాకు కొత్తగా చిలకల చీరలు ఆర్డరు పెట్టారు. కొంగు మాత్రం నువ్వే అద్దాలన్నారు. మీ ఓనరు తనంతట తానే ఇంటికి వచ్చి పిలుస్తాడు చూడు. పంతం పట్టకుండా వెళ్లు.

ఆదివారం గన్నవరం ఆవిడ షాపుకు వస్తున్నారు. నిన్ను చూడాలట. పొద్దున్నే బస్సెక్కి రా, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి ఒక సీసాలో పెట్టి తీసుకురా. ఆ చిలక అలా ఎందుకుందని ఆవిడ నిన్నే అడుగుతారు. పొరపాటున పడిందంటావో, నా కథే చెబుతావో నీ ఇష్టం, ఏది చెప్పినా నేను కాదనను. పక్కనే కూర్చుని వింటాను. ఆ రోజు సంగతి నీ నోటితో నేనింకా వినలేదు.

అమ్మకు, పెద్దనాన్నకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు,
సుజాత