స్కర్టు మీద పరే ముఖం

వెల్లింగ్టన్, 3 మార్చి 1996

రోయిమాటా పిన్నికి,

కియా ఓరా. నా పాతబట్టల కొట్టుకు ఒక స్కర్టు వచ్చింది. చుట్టూ మన మావోరీ పిల్ల ముఖమే అచ్చు వేశారు, గడ్డం మీద మోకో పచ్చబొట్టుతో సహా. వెనకవైపు కూడా. వేసుకున్నావిడ కూర్చుంటే మన తల మీదే. పక్కన ఇత్తడి జిప్పు, చేత్తో కుట్టిన అంచు చూస్తే అరవయ్యో దశకం మొదట్లోదనిపిస్తోంది. నువ్వేమంటావు? అసలు ఇది అమ్మవచ్చా? ఫొటో పెడుతున్నాను.

నీ అక్క కూతురు,
కహురంగి

తా.క.: ఒకావిడ వేసుకుని చూస్తూ కుర్చీ లాక్కుంది. "కూర్చోకండి" అని అరిచాను. మళ్లీ రాలేదు.

రొటొరువా, 9 మార్చి

చిరంజీవి కహురంగికి,

అమ్మకు. తలను మించిన పవిత్రం మనకు లేదు. చిన్నప్పుడు తలదిండు మీద కూర్చుంటేనే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. మడిచి, పైఅరలో దాచు.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క.: కళ్లజోడు దొరికాక ఫొటో మళ్లీ చూశాను. అది మా పాటల జట్టులోని పరే. ఆ తలపట్టీ వాళ్లమ్మ అల్లింది, నాకు తెలుసు. మా పెళ్లయిన కొత్తలో సరస్సు దగ్గరి కొట్టు కిటికీలో ఈ స్కర్టు వేలాడుతుంటే, మీ హోహెపా బాబాయి రోజూ పని నుంచి వస్తూ దాని ముందు నిలబడి గుటకలు మింగేవాడు. పైన రాసిందంతా కొట్టెయ్యి. అమ్మెయ్యి. బాగా లావుగా ఉండి, పొద్దస్తమానం కూర్చుని పనిచేసే మనిషికి అమ్ము. బస్సు నడిపే ఆవిడైతే మరీ మంచిది.

వెల్లింగ్టన్, 15 మార్చి

పిన్నీ,

అంత కోపమా? ఇక్కడి మ్యూజియం వాళ్లు వచ్చి చూశారు. మనల్ని అడక్కుండా మన ముఖాలను ఎలా వాడుకున్నారో జనానికి చూపిస్తారట. ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే పెడతారు. పేరు, ఏడాది రాసి అద్దాల పెట్టెలో ఉంచుతారు. పరే ఇప్పుడెక్కడుంది?

ప్రేమతో,
కహురంగి

తా.క.: అద్దాల పెట్టెలో ఎవరూ కూర్చోలేరు. ఆలోచించు.

రొటొరువా, 20 మార్చి

కహురంగికి,

పరేకి అద్దాల పెట్టా? దీపాలు కూడా పెడతారా? యాత్రికుల ముందు మాతో పాటు పాడేది, బాతు గొంతు. ఆ మోకో కూడా పెన్సిలుతో గీసిందే. మేమందరం గీసుకునేవాళ్లం, అది వేరే సంగతి. స్కర్టు అంత పాతదేం కాదు, మొన్న మొన్నటిదని చెప్పు. ఆ జిప్పు నైలానుదే అయ్యుంటుంది, సరిగ్గా చూడు. ఆవిడ టౌపోలో ఉంటోందట. నాకెందుకు?

ఉంటాను,
పిన్ని

తా.క.: మ్యూజియం సంగతి మీ బాబాయికి చెప్పాను. "చూసొద్దామా?" అన్నాడు. ఆ పూట వంట చెయ్యలేదు.

వెల్లింగ్టన్, 28 మార్చి

పిన్నీ,

జిప్పు ఇత్తడిదే. నేను టౌపో వెళ్లి పరేని కలిశాను. ఫొటో చూసి పగలబడి నవ్వింది. "నేను కాదమ్మా. మా జట్టు ఫొటోలు తీయడానికి ఒకాయన వచ్చిన రోజు నాకు గవదబిళ్లలు, ముఖం గుమ్మడికాయంత ఉంది. నా తలపట్టీ పెట్టుకుని మీ పిన్ని నిలబడింది. ఆ మూతివిరుపు ఇంకెవరికుంది? ఆ స్కర్టు కిటికీలో కనపడినప్పుడల్లా నా కడుపు మండిపోయేది" అంది. ఇప్పుడూ మండుతున్నట్టే ఉంది.

నీ సమాధానం కోసం చూస్తూ,
కహురంగి

తా.క.: నువ్వు కోరినట్టే ఒక బస్సు నడిపే ఆవిడ వచ్చి అడిగింది. బాగా లావు. ఏం చెప్పమంటావు?

రొటొరువా, 2 ఏప్రిల్

బంగారుతల్లి కహురంగికి,

ఆవిడని దగ్గరికి రానీయకు. మా పెళ్లి ఫొటో పక్కన పెట్టుకుని చూశాను. నేనే. అప్పట్లో ఆ కిటికీ వైపు చూస్తేనే ఒళ్లు మండేది, ఇక ముఖమెక్కడ చూస్తాను? ఇక్కడి పెద్దలతో మాట్లాడాను, ప్రార్థన చేసి ఇద్దామన్నారు. మ్యూజియం వాళ్లకు చెప్పు, నేను ఒప్పుకున్నాను. జిప్పు ఇత్తడిదే, అరవయ్యో దశకం మొదలే. నా పేరులో అక్షరం పోనివ్వొద్దు. దీపాలు కాస్త ఎక్కువే పెట్టమను.

నీ పిన్ని,
రోయిమాటా

తా.క.: నిన్న మీ బాబాయికి ఇష్టమైన వేపుడు రొట్టెలు చేసి, పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "అయితే అన్నాళ్లూ ఆ కిటికీ ముందు నిలబడి స్కర్టు మీద నన్నే చూసేవాడివా?" అని. "ఏ స్కర్టు?" అన్నాడు. "అక్కడ చేపలు పట్టే గాలం ఒకటి వేలాడుతుండేది రోయీ. దారం చుట్టే ఆ చక్రం ఎంత నున్నగా తిరిగేదో" అని కళ్లు మూసుకున్నాడు. శుక్రవారం బస్సుకు వస్తున్నాను. పరేకి ఫోన్ చేశాను, అదీ వస్తోంది. ఆయన రావడం లేదు.